గాలి ఎక్కేదాకా

డాక్టరు నా గొంతు దగ్గరి గొట్టాన్ని తిప్పి లాగగానే మిషన్ చప్పుడు ఆగిపోయింది. ఇన్నాళ్ళూ నా పక్కన నిలబడి, బుస్సు బుస్సుమంటూ నా బదులు ఊపిరి తీసిన మిషన్ అది. జోరువాన ఠక్కున ఆగిపోతే చూరు కింద నిలబడ్డవాడికి వీధంతా వినపడుతుందే, అలా నాకు గదంతా వినపడింది. సిస్టర్ చెప్పుల టపటప, తెర అవతల ఎవరో స్టూలు జరిపిన చప్పుడు, మా అత్త ముక్కు ఎగబీల్చడం. "ఒక్క గంటమ్మా," అన్నాడు డాక్టరు నా మొహం మీదికి వంగి, "ఒక్క గంట మీ అంతట మీరు తీసుకోండి. ఆక్సిజన్ సన్నగా ఇక్కడికి వస్తూనే ఉంటుంది, కానీ లోపలికి లాగాల్సింది మీరే. కంగారు పడకూడదు. సరేనా?" ఒకసారి రెప్ప మూశాను. ఒకసారి మూస్తే అవును, రెండుసార్లు మూస్తే కాదు. గొంతుకి కన్నం పెట్టి గొట్టం వేసినప్పటినుంచీ నా భాష మొత్తం అంతే. ఈసారి కూడా కుదరకపోతే నన్ను ఎక్కడో దూరపు ఊళ్ళో, మిషన్ల మీదే బతికేవాళ్ళ వార్డుకి పంపించాలని నిన్న తలుపు దగ్గర మా ఆయనతో అన్నాడు ఈ డాక్టరే. నాకు వినపడదనుకున్నాడు కాబోలు. పోయినవి కాళ్ళూ చేతులూ గానీ చెవులు కాదు కదా.

లాగు. లాగితే రాలేదు. తలుపుకి అవతల ఎవరో అడ్డం కూర్చున్నట్టు ఛాతీ కదల్లేదు, ప్రభువా, ఇదేమిటి, పోయినసారి కూడా ఇలాగే మొదలైంది, అప్పుడు భయపడి కుక్కపిల్లలా గబగబా ఎగశ్వాస తీశాను, ఎంత తీసినా లోపలికి చేరింది లేదు, కాసేపటికే గంటలు మోగాయి, మళ్ళీ గొట్టం తగిలించేశారు. ఈసారి అలా కాదు. ఈసారి ఆగు. తెల్లవారుజామున డిపోలో బస్సు స్టార్ట్ చేయగానే కదిలించకూడదు. బ్రేకులు పనిచేసేది గాలితో. రాత్రంతా నిలబడ్డ బండిలో గాలి దిగిపోయి ఉంటుంది. ఇంజను ఆన్ చేసి, గేజులో ముల్లు మెల్లగా పైకి లేచేదాకా, బజరు మోగడం మానేదాకా సీట్లో కూర్చుని ఉండాల్సిందే. కొత్తలో నాకు ఓపిక ఉండేది కాదు, యాక్సిలరేటర్ తొక్కి పట్టేదాన్ని. నేర్పించిన ముసలి డ్రైవరు నవ్వి, "తొందరెందుకమ్మా, గాలి ఎక్కనియ్. అది ఎక్కాకే బండి నీ మాట వింటుంది" అనేవాడు. ఆ కాసేపూ నేను ప్రార్థన చేసుకునేదాన్ని. పెద్ద ప్రార్థనేం కాదు, స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టి, ఈ పూట నా చక్రాల కిందికి ఎవరూ రాకుండా చూడు తండ్రీ, అంతే. ఆ చేతులిప్పుడు దుప్పటి మీద వేరే ఎవరివో పెట్టి మరిచిపోయినట్టు పడి ఉన్నాయి. ముల్లు లేస్తోందా? లేస్తోంది. వచ్చింది. సన్నగా, గడ్డిపరకంత గాలి, కానీ నేను లాగితే వచ్చింది. వదులు. ఇంకోటి.

"ఎలా ఉంది పిల్లా?" అంది అత్త చెవి దగ్గర. బాగుంది అని ఒకసారి మూశాను. "అబద్ధాలు మొదలెట్టావా, నుదురంతా చెమట్లు," అని కొంగుతో తుడిచింది. సిస్టర్లందరూ ఈవిణ్ణి ఇన్‌స్పెక్టరమ్మ అంటారు. వచ్చిన మొదటిరోజే మంచం కింద దుమ్ము చూపించి తుడిపించింది మరి. ఈ గదిలో ఇంట్లోవాళ్ళని అంతసేపు ఉండనివ్వరు, కానీ ఈ గంట మటుకు ఉండనివ్వమని డాక్టరే చెప్పాడట. "పెద్దావిడ ఉంటే పేషెంటు పల్సు కుదుటపడుతోంది" అన్నాడట. అత్త ఆ మాట ఆసుపత్రిలో ఎవరికీ చెప్పకుండా వదల్లేదు. ఈవిడ మందు ఇచ్చినట్టు లెక్క.

జబ్బు పేరు గిలాన్-బారే. ఒంట్లో రోగాలతో పోరాడాల్సిన సైన్యమే దారి తప్పి సొంత నరాల మీద పడుతుందట. అత్తకి నోరు తిరగలేదు. "మొదట కాళ్ళలో గిల్లినట్టుందన్నావు కదా, గిల్లుడు జబ్బు అందాం" అని తీర్మానించేసింది. నిజమే, గిల్లినట్టే మొదలైంది, పాదాల్లో చీమలు. తిమ్మిరి అనుకున్నాను. మధ్యాహ్నం ట్రిప్పులో ఫ్లైఓవర్ దిగుతుంటే బ్రేకు మీద కాలు నాది కానట్టనిపించింది. నేను తొక్కమన్నాక అది ఆలోచించుకుని తొక్కింది. వెనకాల నిండుగా జనం, నిలబడ్డవాళ్ళు, ఎవరి ఒళ్ళోనో ఏడుస్తున్న పిల్ల. తండ్రీ తండ్రీ అంటూనే రెండో గేరులో ఎడమ పక్కన పాకించుకుంటూ స్టాపు దాకా తెచ్చి హ్యాండ్ బ్రేక్ లాగాను. దిగుదామని లేస్తే మోకాళ్ళు మడతపడి మెట్ల మీద కూలబడ్డాను. కండక్టరమ్మాయి పరిగెత్తుకొచ్చింది. తలుపు దగ్గర పడి ఉండి కూడా నాకు సంతోషంగానే ఉంది, అందరూ దిగి నడిచి వెళ్తున్నారు. ఎవరికీ ఏమీ కాలేదు. పొద్దున అడిగింది ఇచ్చాడు. నా కాళ్ళ గురించి నేను అడగనే లేదు కదా.

ఆ తర్వాత రోజుకింత పైకి పాకింది. కాళ్ళు, నడుము, చేతులు, మింగడం, మాట, చివరికి ఊపిరి. ఇంటికి దొంగ వచ్చి ఒక్కో గదికీ తాళం వేసుకుంటూ వస్తుంటే నేను చివరి గదిలో కూర్చుని ఆ తాళాల చప్పుడు విన్నాను. వదులు. ఇంకోటి లాగు. నెమ్మది.

పెళ్ళయిన కొత్తలో, "ఆడది బస్సు తోలడమేమిటి, మనింటా వంటా ఉందా?" అని మూడుపూటలా సాధించిన మనిషి ఈ అత్త. నేను డిపోకి వెళ్తుంటే తలుపు ధడేల్మని వేసేది. ఒకరోజు కుండపోత వానలో చర్చి నుంచి వస్తూ గొడుగు విరిగిపోయి నా బస్సే ఎక్కింది. నేనని తెలియదు. కండక్టరమ్మాయి టికెట్ అడిగితే పర్సు వెతుక్కుంటూ అద్దంలో నన్ను చూసింది. సందులో ఎదురుగా లారీ, పక్కన కాలువ. నేను అద్దాలు చూసుకుంటూ బండిని వెనక్కి తీసి దారి ఇచ్చి మళ్ళీ ముందుకు తెచ్చాను. మా స్టాపు వచ్చేసరికి బస్సులో అందరికీ వినపడేలా, "ఆ డ్రైవరు ఎవరనుకున్నారు? మా కోడలు!" అని ప్రకటించి గానీ దిగలేదు. అప్పట్నుంచి ముందు సీటు ఆవిడదే. ఎక్కడికీ పని లేకపోయినా ఎక్కేది. కిటికీలోంచి ఊరందరి కోసం ప్రార్థన చేస్తానని వంక. నవ్వొచ్చింది. నవ్వితే ఊపిరి తడబడింది. మానిటర్ తెర మీద ఏదో అంకె పడిపోయి మళ్ళీ లేచింది. ఇప్పుడు నవ్వకూడదు. అత్త గురించి తలుచుకోకూడదు, తలుచుకుంటే నవ్వొస్తుంది.

ఆవిడ ప్రార్థన రోజువారీ బేరం. తెల్లవారగానే వంటింటి కిటికీ దగ్గర నిలబడి ఆ రోజుకే అడుగుతుంది. మామయ్య మంచాన పడి ఉన్నన్నాళ్ళూ అంతే, పోయాక కూడా అంతే. "రేపటిది కూడా అడగొచ్చుగా అత్తయ్యా, ఒక పనైపోతుంది" అన్నాను ఒకసారి కూరగాయలు తరుగుతూ. "అడిగితే ఇస్తాడే, ఆయనకేం తక్కువ? మోయాల్సింది నేను కదా. రేపటి బలం ఇవాళే నెత్తిన పెట్టుకుని నేనెక్కడ తిరగను?" అంది. ఎడారిలో నడిచినవాళ్ళకి పొద్దున్నే నేల మీద తిండి కురిసేదని, ఏ రోజుది ఆ రోజే ఏరుకోవాలని, ఆశపడి దాచుకుంటే పురుగు పట్టిందని, ఆ కథంటే ఆవిడకి ప్రాణం. పురుగు పట్టిన మాట చెప్పేటప్పుడు మొహం అసహ్యంగా పెట్టేది, ఆ డబ్బా మూత తనే తీసి చూసినట్టు.

ఇక్కడికి వచ్చాక ఒకాయన వచ్చాడు, తెలిసినవాళ్ళ తరఫున, చేతిలో సంచీ, మెడకి టై. నా మంచం పక్కన నిలబడి గట్టిగా ప్రార్థన చేశాడు. బాగానే చేశాడు. తర్వాత నాకేసి వేలు చూపించి, "విశ్వాసం ఉంటే లే! ఇప్పుడే లేచి నిలబడు! లేవడం లేదంటే లోపల ఎక్కడో అవిశ్వాసం ఉన్నట్టే" అన్నాడు. నా కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి. తుడుచుకోవడానికి చెయ్యి లేదు. అత్త లేచింది. "అయ్యా, జ్వరం చూడ్డానికి థర్మామీటరు తెచ్చినట్టు విశ్వాసం చూడ్డానికి ఏదైనా తెచ్చారా? తేలేదు కదా. కాస్త కాఫీ తాగి వెళ్ళండి. అసలు కాఫీ కూడా వద్దు, వెళ్ళండి" అంది. ఆయన వెళ్ళాక నా చెవుల్లో నీళ్ళు దూదితో అద్దుతూ, "లేవలేనివాళ్ళని లేవదీసేవాడిని నమ్ముకున్నాం గానీ, లేచి చూపించమనేవాడిని కాదు" అని సణిగింది.

అయినా ఆయన మాట ముల్లులా దిగబడింది. ఆ తర్వాతే నాకు ప్రార్థన పోయింది. ఎలా పోయిందంటే, నాలిక మీద ఉన్న పేరు పోయినట్టు. పైకప్పు చూస్తూ పడుకునేదాన్ని. అక్కడ ఒక చదరపు పలక మీద తడి మరక. ప్రభువా అనబోతే మరకే కనపడేది. నన్ను తీసుకుపో అని ఒక మధ్యాహ్నం అన్నాను లోపలే. అంతకంటే ఏమీ తోచలేదు. అదే పూట మా అమ్మాయి అద్దానికి అవతల నిలబడింది, పిల్లల్ని లోపలికి రానివ్వరు. నోరు పెద్దగా తెరిచి ఊడిన పన్ను చోటు చూపించింది, ఆ పన్ను అద్దానికి ఆనించి పట్టుకుంది, బియ్యపు గింజంత. దాని నోట్లో అన్నిటికంటే ముందొచ్చిన పన్ను అది. పాలు తాగుతూ నన్ను కొరికిన పన్ను. తీసుకుపో అన్న మాట అక్కడే నోరు మూసుకుంది. కానీ ఉంచు అని అడగడానికి కూడా నాకు మాట రాలేదు. అత్త కనిపెట్టేసింది ఎలాగో. "ప్రార్థన రావట్లేదా?" అంది. ఒకసారి మూశాను. ఆవిడ తిట్టలేదు, జాలిపడలేదు. "పోనీలే, ఇంట్లో అన్నం నేను వండితే నువ్వు తినలేదూ? అలాగే ప్రార్థన కూడా నేను చేస్తాను. చివర్లో నువ్వు రెప్ప మూయి చాలు." అప్పట్నుంచి రోజూ అంతే. ఇవాళ్టికి జ్వరం రాకుండా చూడు, రెప్ప. ఇవాళ బొటనవేలు కదిలించు, రెప్ప. ఏ పూటదాపూట. ఒక పొద్దున బొటనవేలు నిజంగానే కదిలితే ఇన్‌స్పెక్టరమ్మ వార్డంతటినీ పిలిచింది. ఆ తర్వాత భుజాలు. ఆ తర్వాత మెడ. తాళం వేసిన గదులు ఒక్కొక్కటే ఎవరో తీస్తున్నారు.

లాగు. వదులు. ఛాతీలో ఇసుక పోసినట్టుంది. ఎంతసేపయింది? గడియారం నా తల వెనకాల ఉంది. అత్త వైపు కళ్ళు తిప్పాను. ఏదైనా చెప్పు అత్తయ్యా, ఇవాళ్టి ప్రార్థన చెయ్యి. అత్త స్టూలు మీద కూర్చునే, గోడకి తల ఆనించి, నోరు తెరుచుకుని, గుర్రు పెడుతోంది. ఎన్ని రాత్రుల నిద్రో, వచ్చి వచ్చి ఈ గంటలోనే మీద పడింది. నిద్రలో ఆవిడ ముసలిదై కనపడింది. మెడ దగ్గర నరం కొట్టుకుంటోంది, ఊపిరి ఎంత తేలిగ్గా వస్తోంది ఆవిడకి, తీస్తున్న సంగతి కూడా తెలియకుండా. అందరికీ అంతే. ఊళ్ళో అందరూ, బస్సులో నిలబడ్డవాళ్ళందరూ, ఉచితంగా ఎవరో ఇస్తుంటే తీసుకుంటూ, ఫోన్లు చూసుకుంటూ. నేనూ అంతే కదా ఇన్నేళ్ళూ. సిస్టర్ తెర అవతలికి వెళ్ళింది. డాక్టరు బల్ల దగ్గర ఏదో రాస్తున్నాడు. నాకోసం ప్రార్థన చేసేవాళ్ళు ఎవరూ లేరు ఈ నిమిషం.

గొంతులో ఏదో అడ్డం పడింది. చిక్కగా, గొట్టం లోపల. లాగితే గురగురమంది గానీ గాలి రాలేదు. దగ్గలేను. దగ్గడానికి కావలసిన బలం నాకింకా తిరిగి రాలేదు. మళ్ళీ లాగాను. రాలేదు. గంట మోగడం మొదలైంది. డిపోలో బజరు, గాలి దిగిపోయిన బండి బజరు, కదిలించకు కదిలించకు అని. కుక్కపిల్ల ఎగశ్వాస వస్తోంది, వస్తోంది, పట్టుకో, తండ్రీ, నాకు గంటసేపు వద్దు. గంట ఎవడడిగాడు, గంట డాక్టరు అడిగాడు. నాకు ఈ ఒక్కటి ఇయ్యి. ఈ ఒక్క ఊపిరి. తర్వాతది తర్వాత అడుగుతాను. అడిగాక గానీ తెలియలేదు, అడిగింది నేనని. మరక కాదు, మాట. నా మాట. నాలిక మీదికి తిరిగి వచ్చేసింది. తండ్రీ. ఎక్కడికి పోయావు అని ఎవరు ఎవరిని అడగాలో తెలియలేదు.

మొహం మీదికి డాక్టరు వచ్చాడు. వెనకాల సిస్టర్. "ఆక్సిజన్ పడిపోతోంది. కఫం అడ్డుపడింది, ముందు అది లాగెయ్" అంటున్నాడు. సన్నటి గొట్టం లోపలికి దిగింది. ఒళ్ళంతా అదిరింది. కళ్ళు చీకట్లు కమ్మాయి. అత్త మేలుకున్నట్టుంది, "ఏమైంది? అమ్మో, నేను పడుకున్నానా? ఏమైంది?" అని అరుస్తోంది. ఎవరో పక్కకి జరగమన్నారు. గొట్టం బయటికి వచ్చింది. డాక్టరు చెయ్యి మిషన్ మీద ఉంది, తగిలించడానికి సిద్ధంగా. "అమ్మా, ఇటు చూడండి. చాలా కష్టంగా ఉందా? మిషన్ పెట్టేయనా? పెట్టమంటే ఒకసారి మూయండి."

ఆ మిషన్ ఎంత హాయి. ఒక్కసారి మూస్తే చాలు. బుస్సు బుస్సు, నిద్ర. దూరపు ఊళ్ళో పైకప్పు మీద కూడా మరకలుంటాయి. లోపలికి లాగాను. ఇసుక ఇంకా ఉంది, కానీ దారి ఉంది. అడిగిన ఆ ఒక్కటి వచ్చింది, చల్లగా, లోపలిదాకా, నడుము దాకా. డాక్టరు కళ్ళలోకి చూశాను. ఒకసారి మూశాను. ఆయన చెయ్యి కదిలింది. తెరిచి, రెండోసారి మూశాను. గట్టిగా. అర్థం కాలేదేమోనని మళ్ళీ రెండుసార్లు.

"వద్దంటోంది" అంది అత్త, ఏడుస్తూ, నవ్వుతూ. "వద్దంటోందయ్యా మా కోడలు, కనపడట్లేదా?"

"కనపడిందండీ" అన్నాడు డాక్టరు. చెయ్యి తీసేశాడు. మానిటర్ తెర మీదికి చూస్తూ నిలబడ్డాడు. నేను చూడలేదు ఆ తెర వంక. ఇంకోటి ఇయ్యి. ఇచ్చాడు. ఇంకోటి. గేరు మార్చినట్టు ఎక్కడో ఏదో సర్దుకుంది, చెట్ల కింద నీడలో తారురోడ్డు మీద బండి తనంతట తాను సాగుతున్నట్టు, చేతులు ఊరికే ఆనించి ఉంచితే చాలన్నట్టు. ప్రతిదానికీ అడిగాను. అడిగిన ప్రతిదీ వచ్చింది. అడగడం మరిచిపోయినవి కూడా వచ్చాయి, తర్వాత చూసుకుంటే. జబ్బు పోలేదు. కాళ్ళు దుప్పటి కింద దుంగల్లాగే ఉన్నాయి. అయినా నాకు లోపల పాట లేచింది, మా చర్చిలో అందరూ నిలబడి పాడేటప్పుడు ముందు వరసలోవాళ్ళ వీపుల్ని తాకి వెనక్కి వచ్చే ఆ మోత. ఇంత సంతోషం రోగిష్టిదానికి తగునా అనిపించింది. తగితే తగింది, తగకపోతే పోయింది.

"గంట దాటిపోయింది" అన్నాడు డాక్టరు. "ఎప్పుడో దాటింది. నేనే చెప్పలేదు, బాగుందని చూస్తున్నాను." నా భుజం తట్టాడు. "మిషన్ తీసేద్దాం. రాత్రికి అవసరమైతే చూద్దాం. నాకైతే అవసరం పడదనిపిస్తోంది." సిస్టర్ ప్లగ్గు పీకి వైరు చుట్టింది. కింద ఎమర్జెన్సీలోకి ఎవరో వచ్చారట, ఊపిరి అందట్లేదట, అందుకే వెంటనే కావాలట. చక్రాలు కిర్రుమంటూ మిషన్ తలుపు దాటింది. ఆ ఎవరో ఆడో మగో నాకు తెలియదు. మొదటి రాత్రి ఎలా ఉంటుందో తెలుసు. ఆ మనిషికి ఈ పూటకి సరిపడా ఇయ్యి తండ్రీ అన్నాను. జబ్బు పడ్డాక ఇంకొకరి కోసం అడగడం అదే మొదలు. అత్త నా తల మీద చెయ్యి వేసి, "నేను నిద్రపోయానే, నిద్రపోయాను" అని మాత్రం అంది. ఫరవాలేదన్నట్టు చూశాను. డాక్టరుకి కాఫీ ఇప్పించాలని బయటికి పరిగెత్తింది.

అప్పుడు వచ్చాడు మా ఆయన. వెల్డింగ్ షాపు నుంచి తిన్నగా, మధ్యాహ్నం విరామంలో, చొక్కా మీద నిప్పురవ్వల కన్నాలతో. మాటలు తక్కువ మనిషి. పుట్టి బుద్ధెరిగి నలుగురిలో నోరు తెరిచి ప్రార్థన చేసినవాడు కాదు, చర్చిలో పాటకి పెదాలు కదిలిస్తాడంతే. తెర పక్కకి జరిపి చూశాడు. మిషన్ ఉండాల్సిన చోటు ఖాళీ. చప్పుడు లేదు. పక్కన తల్లి లేదు. నేను కళ్ళు మూసుకుని ఉన్నాను, అప్పుడే తెరిచాను గానీ ఆయన నా మొహం చూడటం లేదు, ఆ ఖాళీనే చూస్తున్నాడు. మొహంలో రక్తం మొత్తం దిగిపోయింది. చేతిలో అన్నం డబ్బా జారి, మూత ఊడి, నేల మీద దొర్లింది. పిలవాలి. పిలవడానికి గొంతు లేదు, రెప్ప ఆయన చూడట్లేదు, చెయ్యి లేవదు. ఉన్నదొక్కటే. నిండా లాగాను, ఇంతవరకూ లాగనంత, పక్కటెముకలు నొప్పెట్టేదాకా, ఆ గాలినంతా ఒక్కసారిగా బయటికి తోశాను. గొట్టంలోంచి ఈలలా మోగింది.

ఆయన తల తిప్పాడు. దుప్పటి లేచి పడుతోంది. లేచి, పడుతోంది. దగ్గరికి వచ్చి తన పెద్ద చెయ్యి, ఇనుప వాసన వేసే చెయ్యి, నా ఛాతీ మీద పెట్టాడు. అది కూడా లేచి పడింది. "నువ్వేనా?" అన్నాడు. "నువ్వే తీస్తున్నావా?" రెప్ప మూశాను. అంతే, మోకాళ్ళ మీద పడ్డాడు, పడి, "స్తోత్రం!" అన్నాడు. మొదట గొణిగినట్టు. తర్వాత మామూలుగా. ఆ తర్వాత వార్డు అదిరేలా. "స్తోత్రం! స్తోత్రం తండ్రీ!" సిస్టర్ పరిగెత్తుకొచ్చి "ష్, ఇది ఐసీయూ అండీ" అంది. కాఫీ కప్పుతో వస్తున్న అత్త గుమ్మంలోనే ఆగిపోయింది, కొడుకు గొంతు అంత పెద్దదని ఆవిడకే తెలియదు. ఆయనకి ఏదీ వినపడలేదు. అన్నం మెతుకుల మధ్య మోకరించి, నా మీద చెయ్యి తీయకుండా, నేను తీసిన ప్రతి ఊపిరికీ ఒక స్తోత్రం చెబుతున్నాడు, నేను ఆపడం లేదు, ఆయనా ఆపడం లేదు.